రెక్క మీద ఎంత బరువు?

2016 మే నెలలో శంషాబాద్ విమానాశ్రయంలో ఆరు ఇంజన్ల విమానం ఒకటి దిగింది. పేరు ఆంటొనోవ్ ఏఎన్-225 మ్రియ. ప్రేగ్ నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వంద టన్నులు దాటిన జనరేటర్‌ను మోసుకెళ్తూ దారిలో ఇక్కడ ఆగింది. ఆ రకం విమానం ప్రపంచం మొత్తానికీ అదొక్కటే. 2022 ఫిబ్రవరిలో, ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన రోజుల్లోనే, కీవ్ దగ్గరి హోస్తోమెల్‌లో అది ధ్వంసమైంది. ఏడాది తిరిగేసరికి, 2023 ఫిబ్రవరి చివర్లో, కంప్యూటర్ మీద విమానం నడిపే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో యాడ్-ఆన్‌గా మళ్లీ ఎగిరింది. అప్పటి ధర 19.99 డాలర్లు. అమ్మకాల మీద వచ్చే డబ్బును విమానాన్ని తిరిగి కట్టే పని కోసం ఆంటొనోవ్ సంస్థకు ఇస్తామని ప్రకటించారు.

సిమ్యులేటర్‌తో పాటు వచ్చే విమానాలు కాక మనం విడిగా తెచ్చి కలుపుకునేదే యాడ్-ఆన్. ఎక్కువమంది తెచ్చుకునేది బోయింగో ఎయిర్‌బస్సో. నాకు మాత్రం విచిత్రమైనవంటేనే మక్కువ. ఒకే ఒక్కటి ఉండి పోయినవి, ఒక్కసారే ఎగిరినవి, అసలు ఎప్పుడూ లేనివి. గాలి ఎలా పనిచేస్తుందో మామూలు జెట్ కన్నా అవే బాగా చెబుతాయి. అయితే వాటి మాట వినాలంటే ఒక లెక్క చేతిలో ఉండాలి. విమానం బరువును రెక్కల వైశాల్యంతో భాగిస్తే, ఒక్కో చదరపు మీటరు రెక్క ఎన్ని కిలోలు మోస్తోందో తెలుస్తుంది. పైలట్లు దీన్ని వింగ్ లోడింగ్ అంటారు.

మ్రియ గరిష్ఠ బరువు 640 టన్నులు, రెక్కల వైశాల్యం 905 చదరపు మీటర్లు. భాగిస్తే దాదాపు 707 కిలోలు. చిన్న భోజనాల బల్లంత చోట పద్నాలుగు సిమెంటు బస్తాలు పేర్చినట్టు.

ఇప్పుడు రైట్ సోదరుల ఫ్లయర్‌ను చూడండి. ఫ్లైట్ సిమ్యులేటర్ నలభై ఏళ్ల సందర్భంగా 2022 నవంబరులో వచ్చిన ఎడిషన్‌లో అదీ ఉంది. మనిషితో కలిపి బరువు సుమారు 338 కిలోలు, రెక్కలు 47 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఏడు కిలోల చిల్లర. సగం నిండిన నీళ్ల బకెట్ అంత. రెండింటికీ తేడా దాదాపు వంద రెట్లు. రెక్క ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వంద రెట్ల బరువును మోయడానికి పది రెట్ల వేగం చాలు. ఫ్లయర్ గంటకు నలభై, యాభై కిలోమీటర్ల గాలిలో తేలిపోతుంది. మ్రియ ఫ్లాప్స్ దించి రెక్క వంపు పెంచుకున్నా అంతకు ఎన్నో రెట్ల వేగం అందుకుంటే గానీ నేల వదలదు.

ఫ్లయర్‌ను మొదటిసారి ఎక్కినవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. 1903 డిసెంబరు 17న అది 12 సెకన్లలో 36.5 మీటర్లు వెళ్లింది. అంటే నేల మీద వేగం గంటకు 11 కిలోమీటర్లే. సైకిల్ కన్నా నెమ్మది. ఆ వేగంతో ఏ రెక్కా లేవదు. ఆ రోజు ఎదురుగాలి గంటకు 40 కిలోమీటర్లు దాటి వీస్తోంది. రెక్కకు తెలిసింది ఆ రెండింటి మొత్తం. సిమ్యులేటర్‌లో గాలి వేగాన్ని సున్నాగా ఉంచి ఎగరబోతే, ఆ ఉదయం అక్కడ లేని పరిస్థితిని విమానం మీద రుద్దినట్టే. ముందు వాతావరణం అమర్చుకోవాలి, ఆ తర్వాతే ఇంజన్.

అదే ఎడిషన్‌లో హ్యూస్ హెచ్-4 హెర్క్యులస్ కూడా ఉంది. కర్రతో కట్టిన నీటి విమానం. రెక్కల కొన నుంచి కొనకు దాదాపు 98 మీటర్లు, మ్రియ కన్నా పొడవు. 180 టన్నుల బరువును 1,061 చదరపు మీటర్ల మీద పరిస్తే 170 కిలోలు. అంత పెద్ద విమానానికి ఇది తేలిక బరువే. 3,000 హార్స్‌పవర్ ఇంజన్లు ఎనిమిది. కానీ అది ఎగిరింది ఒక్కసారే, 1947 నవంబరు 2న, లాంగ్ బీచ్ దగ్గర. సుమారు 26 సెకన్లు, ఒకటిన్నర కిలోమీటర్ల పైచిలుకు దూరం, 21 మీటర్ల ఎత్తు.

ఆ 21 మీటర్ల దగ్గర కాస్త ఆగాలి. విమానం నేలకో నీటికో తన రెక్కల పొడవు కన్నా దగ్గరగా ఉన్నప్పుడు రెక్కల కొసల దగ్గర గాలి సుడి పూర్తిగా తిరగలేదు. దాంతో గాలి వెనక్కి లాగే బలం తగ్గి, అదే ఇంజన్ బలంతో తేలిగ్గా తేలుతుంది. హెచ్-4 తన రెక్కల పొడవులో నాలుగో వంతు ఎత్తయినా దాటలేదు. అంటే ఆ ఊతం లేకుండా ఎలా ఎగిరేదో చెప్పే కొలత ఒక్కటీ లేదు. సిమ్యులేటర్‌లో మనం దాన్ని వేల అడుగులకు తీసుకెళ్తే, 21 మీటర్ల పైన చూసేదంతా యాడ్-ఆన్ తయారీదారు లెక్కగట్టిన ఊహ. అది తప్పు కాదు, బలం, బరువు, వైశాల్యం తెలిసినప్పుడు ఊహకూ పునాది ఉంటుంది. కానీ ఏది కొలత, ఏది ఊహ అన్నది ఎగరేసేవారికి తెలిసి ఉండాలి.

మొత్తం ఊహే అయినది డార్క్‌స్టార్. ‘టాప్ గన్: మావెరిక్’ సినిమా కోసం పుట్టిన విమానం, 2022లో ఇదే సిమ్యులేటర్‌కు ఉచితంగా వచ్చింది. మాక్ 10, అంటే శబ్దానికి పది రెట్ల వేగం, లక్షా యాభై వేల అడుగుల పైన ఎత్తు. 45 కిలోమీటర్ల ఎత్తున మాక్ 10 అంటే సెకనుకు మూడు కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి విశాఖకు రెండున్నర నిమిషాలు. అక్కడి గాలి సముద్రమట్టం గాలిలో ఆరువందో వంతు కూడా ఉండదు. వేగం వర్గాన్ని ఈ పలచటి గాలితో గుణిస్తే, రెక్క మీద ఒత్తిడి, కింద సముద్రమట్టం దగ్గర గంటకు 470 కిలోమీటర్లతో పోయే విమానానికి ఉన్నంతే తేలుతుంది. గంటకు 11,000 కిలోమీటర్లు దాటి పోతున్నా రెక్కకు అందేది అంతే. ఈ లెక్క వేశాక నాకు ఆ విమానం మీద గౌరవం పెరిగింది. బొమ్మ కల్పితమే గానీ అది తిరిగే గాలి నిజం.

ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్ పాత వెర్షన్లలో అంగారకుడి మీద కూడా ఎగరేయవచ్చు. అక్కడ గాలి సాంద్రత ఇక్కడి దానిలో సుమారు అరవయ్యో వంతు, గురుత్వం 38 శాతం. రెండూ కలిపి చూస్తే అదే విమానానికి దాదాపు 4.8 రెట్ల వేగం కావాలి. ఇక్కడ గంటకు 250 కిలోమీటర్ల దగ్గర దిగే జెట్ అక్కడ 1,200 దగ్గర దిగాలి. అంగారకుడి గాలిలో శబ్ద వేగమే గంటకు 860 ప్రాంతంలో ఉంటుంది! ఇక మలుపుల సంగతి: అంతే వంపుతో తిప్పితే వలయం అరవై రెట్లు పెద్దదవుతుంది. బరువు తగ్గినా ద్రవ్యరాశి తగ్గలేదు మరి.

యాడ్-ఆన్‌లుగా వచ్చే కార్లు, లారీలు, పడవల సంగతి వేరు. పాత మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లలో మనం నడపగలిగేవి ఎగిరేవే. అందుకే కారును కూడా రెక్క లేదన్నంత చిన్న రెక్కున్న విమానంగా రాసి, చక్రాలు నేలను తాకే బిందువులను అంకెల్లో ఇస్తారు. పడవకైతే ఆ బిందువులే నీటి మీద తేలేవిగా మారతాయి. గాలి ఓడకు ఈ ఉపాయం సరిపోదు, దానికి ఉత్ప్లవన బలం లెక్కగట్టాలి. ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్‌లో ఆ లెక్క ఉంది, జెప్పెలిన్ ఎన్‌టీ కూడా ఉంది. ఘనపు మీటరు హీలియం కిలో పైచిలుకు బరువును ఎత్తుతుంది. జెప్పెలిన్ సంచి 8,225 ఘనపు మీటర్లు. మిగతాది మీరే గుణించుకోవచ్చు. అదే ఫ్లైట్‌గేర్‌లో ఎగిరే పళ్లెమూ ఉంది. దానికి గాలితో పని లేదు, ఎక్కడ ఆపితే అక్కడే నిలబడుతుంది. ఊళ్లు, కొండలు చూసి రావడానికి పనికొస్తుంది, గాలి గురించి మాత్రం ఏమీ నేర్పదు.

మళ్లీ శంషాబాద్‌కు. విమానాశ్రయం ఎత్తు 617 మీటర్లు. మే మధ్యాహ్నం 40 డిగ్రీల దగ్గర అక్కడి గాలి, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల గాలి కన్నా 14 శాతానికి పైగా పలచన. కాబట్టి లేవడానికి ఎనిమిది శాతం ఎక్కువ వేగం కావాలి. గంటకు 270 కిలోమీటర్లు చాలే చోట 290 దాటాలి. ఇంజన్ కూడా అదే పలచటి గాలి పీల్చి బలం తగ్గించుకుంటుంది. పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. మ్రియను నిండు బరువుతో అక్కడ నిలబెట్టండి. ఒకసారి 15 డిగ్రీలతో, మరోసారి 40 డిగ్రీలతో పరుగెత్తించి, చక్రాలు లేచిన చోట ముందు ఎన్ని మీటర్లు మిగిలాయో రెండుసార్లూ రాసుకోండి.