పాన్యులిరస్ హోమారస్: ముళ్ల లాబ్‌స్టర్ ఆవాసం, డింభక దశలు

1758లో లినేయస్ వర్ణించిన పాన్యులిరస్ హోమారస్ ఆఫ్రికా తూర్పు తీరం మొదలుకొని పశ్చిమ పసిఫిక్ వరకు విస్తరించిన ముళ్ల లాబ్‌స్టర్. జాతినామం చూసి అట్లాంటిక్‌లోని హోమారస్ ప్రజాతితో దీనిని పొరబడరాదు; దానికున్న బలమైన డెక్కలు దీనికి లేవు. ముళ్లతో నిండిన పృష్ఠకవచం, దృఢమైన స్పర్శశృంగాలే దీని రక్షణ సాధనాలు. స్పర్శశృంగాల మొదలును రాపాడించి ఇది కీచుమనే ధ్వనిని పుట్టిస్తుంది.

అలలు విరిగే చోట, సాధారణంగా 1 నుండి 5 మీటర్ల లోతులో, కొంత మడ్డిగా ఉండే నీటిలోని రాతి పగుళ్లు దీని నివాసం. పగలు గుంపుగా దాగి, రాత్రి ఆహారానికై వెలువడుతుంది. కన్యాకుమారి తీరపు రాతి ప్రాంతాలలో మత్స్యకారులకు ఇది విలువైన వేట.

ఆడజీవి గుడ్లను ఉదరం క్రింద మోస్తుంది. వాటి నుండి వెలువడే ఫిల్లోసోమా డింభకం ఆకువలె పలుచనిది, పారదర్శకమైనది. అది నెలల తరబడి బహిరంగ సముద్రంలో ప్రవాహాల వెంట కొట్టుకొనిపోయి, ప్యూరులస్‌గా మారి తీరం చేరుతుంది. ప్యూరులస్ ఆహారం తీసుకోదు. నిల్వశక్తి తరిగేలోగా దానికి రాతి ఆశ్రయం దొరకాలి.

భారత ప్రభుత్వం 2003లో ఈ జాతి ఎగుమతికి 200 గ్రాముల కనీస బరువును నిర్ణయించింది. చిన్నవాటికి ఇది కొంత రక్షణ. అయితే బరువు కొలత ఒక్కటే గుడ్లు మోసే ఆడజీవిని వేరుచేసి చూడదు. పైగా ఒక తీరంలో పట్టుబడే లాబ్‌స్టర్ల తల్లులు సుదూరమైన మరో తీరానికి చెందినవి కావచ్చు.