పిక్కకూ పేరు కావాలి



పలాస జీడిపప్పంటే దూరదేశం వారికీ తెలుసును. ఆ పేరులో ఉద్దానం తోటల్లో పిక్క ఏరే మన చేతుల కష్టమూ ఉంది. అయినా పప్పుకి పేరుంది, పిక్కకి లేదు. మంచీ తాలూ కలిపి 80 కిలోల బస్తా కుట్టి ఇచ్చేస్తే ధర తాలును బట్టే పలుకుతుంది.

కార్ఖానాదారు ఏం చేస్తున్నాడు? గుండు వేరు, బద్ద వేరు చేస్తాడు. డబ్ల్యూ 320 అంటే పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 తెల్ల గుండ్లు తూగుతాయి. కొనేవాడు డబ్బా విప్పకుండానే నమ్ముతాడు. వ్యాపారంలో పేరంటే ఆ నమ్మకమే. 1937 చట్టంతో వచ్చిన అగ్‌మార్క్ ముద్రకు మూలమూ అదే. మన పొరుగున అరకు గిరిజన రైతుల కాఫీ 2017లో పారిస్‌లో సొంత పేరుతో దుకాణానికెక్కింది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది.

పలాసకి ఆఫ్రికా పిక్క కూడా వస్తోంది. మనదేదో చూపించుకోలేకపోతే బేరంలో మనమాట చెల్లదు.

కాబట్టి పచ్చి పళ్లు దులపకండి, రాలినవే ఏరండి. పండు గుజ్జు లేకుండా పిక్క తీసి రెండు మూడు రోజులు ఎండబెట్టండి. గుప్పెట్లో ఆడిస్తే గలగలమనాలి. తాలు ఏరేయండి. పదిమందీ కలిసి మేలు సరుకునే కట్టి, బస్తా మీద ఊరి పేరు వ్రాయండి. ధర వెంటనే పెరగకపోవచ్చు. కాని ఒక్క బస్తాలో మోసం జరిగితే ఊరి పేరంతా పోతుంది సుమండీ!