నల్లబడ్డ గుడ్లు చెప్పని సంగతి

తగరపువలసకు అటు భీమసింగి, ఇటు అనకాపల్లి. ఏ వైపు చెరకు రైతునడిగినా పీక పురుగు బెడద చెబుతాడు. గుడ్డులోంచి వచ్చిన పురుగు మొక్కలోకి దూరిందంటే మొవ్వు ఎండిపోతుంది, పైన కొట్టిన మందు దానికి తగలదు. అందుకే గుడ్డు దశలోనే దెబ్బతీయాలి. ఆ పని చేసే అర మిల్లీమీటరు కందిరీగ ట్రైకోగ్రామా. పీక పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలిదంతా తిని, పురుగుకు బదులు తనే కందిరీగై బయటికొస్తుంది. ఈ కందిరీగను లక్షల్లో పెంచి, అట్టకంటించి రైతుకందించేదే ట్రైకోకార్డు. 1920లలో కాలిఫోర్నియాలో ఫ్లాండర్స్ అనే శాస్త్రవేత్త ధాన్యపు రెక్కల పురుగు గుడ్లమీద దీన్ని భారీగా పెంచి చూపాడు. మన దేశంలో ఇందుకు వాడేది కార్సీరా అనే మరో రెక్కల పురుగు గుడ్లు. నలగ్గొట్టిన జొన్నల్లో అది ఇట్టే పెరుగుతుంది. దాని గుడ్లలోంచి పురుగు రాకుండా అతినీలలోహిత దీపం కింద ఉంచి, జిగురు పూసిన అట్టమీద చల్లి కందిరీగలకు అప్పగిస్తారు. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు నల్లబడితే కార్డు బాగా వచ్చినట్టు లెక్క. ఈ లెక్క చాలదని నేనంటాను.

కందిరీగ గుడ్డును ఎలా ఎంచుకుంటుందో చూస్తే కారణం తెలుస్తుంది. గుడ్డు మీదికెక్కి, మీసాలతో తడుతూ అటూ ఇటూ నడిచి చూశాకే సూది దించుతుంది. పరిమాణాన్ని బట్టి ఎంచుకుంటుందని 1930లలో జార్జ్ సాల్ట్ చూపాడు. అంతకుముందు గుడ్డు దొరకాలి కదా! తల్లి పురుగు రెక్కల నుంచి రాలిన పొలుసుల వాసన ఈ వెతుకులాటను పెంచుతుందని 1970లలో అమెరికాలో జో లూయిస్ బృందం తేల్చింది. చెరకు ఆకు అడుగున పొలుసుల్లా అతుక్కున్న గుడ్ల వరసను పట్టాలంటే ఈ నేర్పులన్నీ కావాలి. అట్టమీద కాళ్ల కిందే వేల గుడ్లు. తరాల తరబడి అక్కడే పెరిగితే, వెతకలేని కందిరీగ కూడా సంతానాన్ని కంటుంది. వెతకగలగడానికి అక్కడ విలువే లేదు.

వందల జాతుల గుడ్లలో పెరిగే కందిరీగకు ఈ ఇష్టాయిష్టాలేమిటని అడగవచ్చు. ఏ గుడ్డులోనైనా పెరగగలగడం వేరు, పొలంలో దాన్నే వెతికి పట్టడం వేరు. పోనీ, ఎకరానికి విడతకు వదిలే 20 వేలను రెట్టింపు చేస్తే? నాలుగైదు రోజుల ఆయుష్షున్న కందిరీగ వెతకకపోతే సంఖ్య పెంచినా అంత ఫలితం ఉండదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది. కార్సీరాను మానేసి పీక పురుగు గుడ్లమీదే పెంచాలంటే మాత్రం ఎవరి తరమూ కాదు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. కానీ మానెయ్యక్కర్లేదు. కొన్ని తరాలకోసారి మూల సంతతిని చెరకు పురుగు గుడ్ల మీదుగా నడిపి, పొలంలో దొరికిన కందిరీగలను అందులో కలపాలి. ఇలాంటి సంతతులను కాపాడడం బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ పనుల్లో ఒకటి. కార్డులోని సంతతి ఎన్ని తరాలుగా కార్సీరా మీదే ఉందో, చెరకు పురుగు గుడ్డును చివరిసారి ఎప్పుడు చూసిందో ప్రతి ట్రైకోకార్డు మీదా, తయారీ తేదీ పక్కనే అచ్చువేయాలి.