వేళకాని వేళ మోగిన గంట

పిల్లలూ! బడిగంట మంచిదా, చెడ్డదా? వేళకు మోగితే మంచిదే. కాని ఏ కోతో వచ్చి తాడు పట్టుకుని రోజంతా వాయిస్తూ కూచుంటే? ఇక బడి సాగదు.

మన శరీరంలోనూ ఇటువంటి గంటలున్నాయి. ఒక జీవకణం తయారుచేసిన మాంసకృత్తి పక్క కణాన్ని తాకి, "ఇక నువ్వు పెరుగు, రెండుగా చీలు" అని కబురు చెబుతుంది. ఆ కబురు ఆగకపోతే ఏమవుతుందో చిట్టెలుకలే మనకు నేర్పాయి.

అమెరికాలో జాన్ బిట్నర్ అనే శాస్త్రజ్ఞుడు ఆడ ఎలుకలకు తరచుగా రొమ్ము కాన్సరు వచ్చే ఒక వంశాన్ని పరీక్షించాడు. వాటి పిల్లలను పుట్టగానే వేరుచేసి, ఆ జబ్బు అరుదుగా వచ్చే మరొక వంశపు తల్లి దగ్గర పాలు తాగించాడు. ఆశ్చర్యం! పెద్దయిన తరువాత వాటిలో జబ్బు బాగా తగ్గిపోయింది. రోగకారణం పాలలో ఉన్నదని 1936లో ఆయన ప్రకటించాడు. అది ఒక వైరసు అని తరువాత తేలింది. ఇది ఎలుకల సంగతి సుమా! మన అమ్మ పాలవల్ల కాన్సరు రాదు. బిడ్డకు అవి ఎంతో మేలైన ఆహారం.

ఆ వైరసు చేసే పని ఏమిటి? 1982లో శాన్ ఫ్రాన్సిస్కోలో రూల్ నుస్సె, హెరాల్డ్ వార్మస్ దాని గుట్టు పట్టుకున్నారు. వైరసు తన జన్యువులను కణంలోని జన్యువుల మధ్య అతికిస్తుంది. ఎన్నో కణితులలో అది ఒకే జన్యువు పక్కన చేరి కనిపించింది. ఆ జన్యువు వైరసు తెచ్చినది కాదు, ఎలుకదే! తల్లి కడుపులో పిల్ల మెదడు రూపొందేటప్పుడు పనిచేసి, రొమ్ములో ఊరకుండవలసినది. కోతి గంటతాడు పట్టుకున్నట్లు వైరసు దాన్ని మేలుకొలిపింది. కణాలు పెరిగి పెరిగి కణితి అయింది.

పండ్లమీద ముసిరే చిన్న ఈగలలో కూడా ఈ జన్యువే ఉన్నదని 1987లో తెలిసింది. అది చెడిన ఈగలకు రెక్కలు లేకపోవటాన్ని 1976లోనే ఆర్.పి. శర్మ, వి.ఎల్. చోప్రా అనే భారతీయ శాస్త్రజ్ఞులు వివరించి ఉన్నారు. ఈగ జన్యువు పేరూ, ఎలుక జన్యువు పేరూ కలిపి 1991లో ఈ కుటుంబానికి "వింట్" అని పేరు పెట్టారు. మనుషులలో ఇటువంటివి 19 ఉన్నాయి.

మరి ఆ జన్యువును తీసివేస్తే సరిపోదా? 1990లో ఎలుకలలో తీసివేసి చూచారు. పిల్లల మెదడులో కొంత భాగం ఏర్పడనే లేదు! మన పేగు లోపలి పొర ఎప్పటికప్పుడు కొత్తగా పెరగటానికి కూడా వింట్ కబురే కావాలి. పెద్దపేగు కాన్సర్లలో చాలావాటిలో చెడిపోయి ఉండేది కూడా ఈ కబురు నడిచే దారే.

కాబట్టి మందు కనిపెట్టేవారి పని ఎంత కష్టమో చూడండి. గంట పగలకూడదు, కోతి మాత్రం దిగిపోవాలి!