టర్కీ కోడికి ఏమయింది?

మీ ఇంట్లో ఒక టర్కీ కోడి ఉందనుకోండి. నాటుకోళ్లతో కలిసి దొడ్లో తిరుగుతూ, కొత్తవాళ్లు కనబడితే చాలు గొడగొడమని అరిచి వీధినంతా లేపుతుంది. అలాంటిది ఒకరోజు ఓ మూల రెక్కలు వాల్చి నిలబడిపోయింది. గింజలు చల్లితే కన్నెత్తి చూడలేదు. దిష్టి తగిలిందని మీ అవ్వ అంటుంది. గాలి సోకిందని పక్కింటి మామ అంటాడు. మరి మీరేమంటారు?

తొందరపడి ఏమీ అనకండి. ముందు బాగా గమనించండి.

టర్కీకి ఉద్రేకం వస్తే తలమీదా మెడమీదా ఉండే బోడి చర్మం ఎరుపు, నీలం, తెలుపు రంగులు మారుతుంది. ముక్కు మీది కండ పొడవై కిందికి వేలాడుతుంది. అది రోగం కాదు, దాని దర్పం! కడప ఎండలో మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పుతున్నదా? పక్షులకు చెమట గ్రంథులు లేవు. నోటిలోని తడి ఆవిరైతేనే వాటి ఒళ్లు చల్లబడుతుంది. కనుక నీడకు తోలి నీళ్లు పెట్టండి. పెట్ట అయితే, ఒకేచోట కదలకుండా కూర్చుని, చెయ్యి పెడితే పొడవబోతూ ఉంటే పొదుగుకు వచ్చిందన్నమాట. కోడిగుడ్డుకు 21 రోజులు చాలు గాని, టర్కీ గుడ్డుకు 28 రోజులు పడుతుంది.

మెడ మెలిపడి, ఆకుపచ్చగా పారుతూ, ఒకదాని తర్వాత మరొకటి జబ్బు పడుతూ ఉంటే మాత్రం కొక్కెర తెగులేమోనని అనుమానించాలి. ఇది వైరస్ వల్ల వచ్చే అంటువ్యాధి. ముందుగా టీకా వేయించడమే దీనికి విరుగుడు.

ఇవేవీ కాకపోతే అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అది ఏం తింటున్నది?

ఈ ప్రశ్న ఎంత విలువైనదో 1960లో ఇంగ్లండులో తేలింది. అక్కడ క్రిస్మస్ విందు కోసం టర్కీలను వేలకు వేలు పెంచుతారు. ఆ ఏడు టర్కీ పిల్లలు ఉన్నట్టుండి మేత మానివేశాయి. రెక్కలు వేలాడేసి మందకొడిగా తయారయ్యాయి. వారం తిరగకముందే మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు చాచి చనిపోసాగాయి. కొద్ది నెలల్లో సుమారు లక్ష పిల్లలు పోయాయి! కోసి చూస్తే కాలేయం పాడై ఉంది. రోగక్రిమి మాత్రం ఏదీ దొరకలేదు. బీజగణితంలో తెలియని రాశిని ఎక్స్ అంటాం గదా, అలాగే ఈ జబ్బుకు ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరు పెట్టారు.

క్రిమి దొరకకపోవడంతో పరిశోధకులు దాణా బస్తాల వెంట పడ్డారు. రోగం వచ్చిన తోటలన్నిటా మేపిన దాణాలో ఒక సరుకు ఉమ్మడిగా కనిపించింది. అది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క! దాన్ని బాతుపిల్లలకు పెట్టి చూస్తే అవీ చనిపోయాయి. అయితే వేరుశనగ చెక్కను పశువులు ఏనాటి నుంచో తింటున్నాయి. మరి ఈ చెక్కలోనే విషం ఎందుకున్నట్టు?

సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ చెక్కలో బూజు పోగులు కనబడ్డాయి. కాని ఆ బూజు ఎప్పుడో చచ్చిపోయింది. దొంగ పారిపోయినా పెట్టిన నిప్పు మండుతూనే ఉన్నట్టు, బూజు చచ్చినా అది వదిలిన విషం మిగిలే ఉంది. తర్వాత విషపూరితమైన వేరుశనగ గింజల నుంచి బతికున్న బూజును వేరుచేసి పెంచారు. దాని పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. ఆ పేరులోని ముక్కలు కలిపి విషానికి ‘అఫ్లటాక్సిన్’ అన్నారు. ఈ విషం అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. నీలంగా మెరిసేది బి రకం, ఆకుపచ్చగా మెరిసేది జి రకం. ఆ రంగుల ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలే అవి.

చిత్రమేమంటే టర్కీ పక్షి పుట్టిల్లు మెక్సికో, వేరుశనగది దక్షిణ అమెరికా. టర్కీ దేశస్థులేమో ఈ పక్షిని ‘హిందీ’ అంటారు, అంటే ఇండియాది అని!

ఇక మన సంగతి చూద్దాం. కర్నూలు, కడప జిల్లాల్లో కొందరు బుడ్డలని, కొందరు శెనక్కాయలని పిలిచే ఈ పంటకు ఆ బూజు నేలలోనే కాచుకుని ఉంటుంది. కాయ ఊరే వేళకు వాన మొహం చాటేస్తే నేల కాగిపోతుంది. నీరు లేక గింజకు తనను తాను కాపాడుకునే శక్తి తగ్గుతుంది. చెదలు తొలిచిన కాయలోకి, పగిలిన కాయలోకి బూజు సులువుగా చొరబడుతుంది. అందుచేత సీమ రైతుకు కరువు రెండు దెబ్బలు కొడుతుంది. దిగుబడి పోతుంది, మిగిలిన గింజకు విషం సోకే ప్రమాదమూ పెరుగుతుంది. పీకిన తర్వాత సరిగా ఎండకముందే కుప్ప వేస్తే అది మరీ ఎక్కువ. నూనె ఆడించినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. వండినా పూర్తిగా పోదు. ఆ చెక్క తిన్న ఆవు పాలలోకి కూడా ఇది రూపం మార్చుకుని వస్తుంది.

మనుషులకూ ముప్పే. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని జనం కామెర్లతో మంచం పట్టారు. నూరుమందికి పైగా చనిపోయారు. ఆ ఇళ్లలో కుక్కలు కూడా చచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దాన్ని పరిశోధించి, కారణం అఫ్లటాక్సినే అని తేల్చారు.

కనుక మన టర్కీ దగ్గరకు తిరిగి వెళ్లి, దాని దాణా డబ్బా మూత తీయండి. ముక్కిన వాసన, పచ్చటి బూజు, ముడుతలు పడ్డ తాలు గింజలు ఉన్నాయా? ‘మనం తినలేనివి కోళ్లకు వేద్దాం’ అని వాటిని చల్లే అలవాటు మన ఇళ్లలో ఉంది. కోళ్లకంటే టర్కీలకు, బాతులకు ఈ విషం త్వరగా తలకెక్కుతుంది. ఆ మేత ఆపండి. కోడితో పాటు ఆ దాణా గుప్పెడు పొట్లం కట్టి పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పైకి బూజు కనబడనంత మాత్రాన విషం లేదని కాదు. అది పరీక్షలో తేలవలసిందే. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ ఇందుకోసం చవకైన పరీక్షా పద్ధతిని రూపొందించింది.

దాణా మార్చిన వారానికి మీ టర్కీ మళ్లీ గొడగొడమన్నదనుకోండి. ‘కారణం దాణాయే’ అని వెంటనే నోటు పుస్తకంలో రాసేయకండి. ఆ వారంలో ఎండ కూడా తగ్గి ఉండవచ్చు. తనకై తాను కోలుకునే చిన్న జబ్బే అయి ఉండవచ్చు. అదే డబ్బాలో మేత తిన్న తక్కిన కోళ్లు ఎలా ఉన్నాయో, పాత మేత ఎన్నాళ్లు తిన్నాయో, ముందు అది రాయండి.