కంప్యూటర్‌లో ఒకటే యాడ్స్.. వైరస్ అని ఫార్మాట్ చేయిస్తున్నారా? ఆగండి, ముందు ఈ మూడు చోట్ల చూడండి!

కంప్యూటర్ ఆన్ చేసి రెండు నిమిషాలు కాదు, కింద కుడి మూల నుంచి ఓ చిన్న డబ్బా పైకి లేస్తుంది. ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి’ అంటుంది. దాన్ని మూసేస్తే ఇంకోటి. గూగుల్‌లో ఏదో వెతికితే ఎప్పుడూ పేరు వినని సెర్చ్ పేజీ ఓపెన్ అవుతుంది. ఎక్కడ క్లిక్ చేసినా పక్కన రమ్మీ యాడో, బెట్టింగ్ యాడో కొత్త ట్యాబ్‌లో ప్రత్యక్షం. చాలామంది ఇక్కడే కంగారు పడి సిస్టమ్‌ను షాపుకు మోసుకెళ్తున్నారు.

మా పెదనాన్నగారూ అదే చేశారు. ఆయనది ద్రాక్షారామం. రిటైర్డ్ టీచర్. ఇంట్లో ఓ పాత డెస్క్‌టాప్ ఉంది. శివరాత్రికి భీమేశ్వరస్వామి దర్శనానికి అని వెళ్తే, గుడికి వెళ్లకముందే నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ‘అమ్మా, మొన్ననే 600 ఇచ్చి ఫార్మాట్ చేయించానమ్మా. మూడో రోజుకే మళ్లీ మొదలైంది’ అన్నారు. షాపులో చూసినతను ‘వైరస్ అండి, ఫార్మాట్ కొట్టాల్సిందే’ అన్నాడట. కొట్టేశాడు. డెస్క్‌టాప్ మీద ఓ ఫోల్డర్ ఉండేది. 2015 గోదావరి పుష్కరాల్లో కోటిపల్లి రేవులో నాన్నమ్మతో కలిసి అందరం దిగిన ఫొటోలు అందులోనే ఉన్నాయి. నాన్నమ్మ ఇప్పుడు లేదు. ఆ ఫొటోలూ లేవు.

ఇంతా చేసి అది వైరసే కాదు. క్రోమ్ బ్రౌజర్‌లో కూర్చున్న ఒక ఎక్స్‌టెన్షన్. తెలుగులో లెటర్లు టైప్ చేసుకోవడానికి ఫాంట్ కన్వర్టర్ కోసం వెతికి, ఉచితంగా ఇస్తామన్న ఏదో సైట్ నుంచి పెదనాన్నే దాన్ని పెట్టుకున్నారు. ఫార్మాట్ అయ్యాక మళ్లీ అదే గూగుల్ అకౌంట్‌తో క్రోమ్‌లో సైన్ ఇన్ అయ్యారు. సింక్ ఆన్‌లో ఉండటంతో బుక్‌మార్కులతో పాటు ఆ ఎక్స్‌టెన్షన్ కూడా తనంతట తానే తిరిగొచ్చింది. తీసేయడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.

అసలు యాడ్‌వేర్ అంటే ఏంటి?

యాడ్స్ చూపించి డబ్బు చేసుకోవడమే పనిగా పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ అన్నమాట. సాధారణంగా ఇది ఫైళ్లు పాడు చేయదు. మీరు చూసిన ప్రతి యాడ్‌కీ, మళ్లించిన ప్రతి సెర్చ్‌కీ ఎవరికో కొన్ని పైసలు వెళ్తాయి. లక్షల కంప్యూటర్లలో అదే జరిగితే అది పెద్ద వ్యాపారం. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే సెక్యూరిటీ సంస్థ ‘ఫైర్‌బాల్’ అనే యాడ్‌వేర్ గురించి బయటపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల కంప్యూటర్లకు అది పాకిందని, అందులో 2.53 కోట్లు మన దేశంలోవేనని లెక్క చెప్పింది. ఆ అంకె బాగా ఎక్కువగా చెప్పారని మైక్రోసాఫ్ట్ తర్వాత వాదించింది. అంకె సంగతి ఎలా ఉన్నా, అది పాకిన దారి మాత్రం కొత్తదేం కాదు. వేరే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు చడీచప్పుడు లేకుండా ఇన్‌స్టాల్ అయిపోవడమే.

యాడ్సే కదా, పోనీలే అనుకోవడానికీ లేదు. 2014 చివర్లో లెనోవో అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో ‘సూపర్‌ఫిష్’ అనే ప్రోగ్రామ్ కంపెనీ నుంచే లోపల పెట్టి వచ్చింది. వెబ్ పేజీల్లో యాడ్స్ దూర్చడం దాని పని. ఆ పని కోసం బ్యాంకు సైట్లలో కనిపించే తాళం గుర్తు వెనకున్న భద్రతనే అది దెబ్బతీస్తోందని 2015 ఫిబ్రవరిలో బయటపడింది. చివరికి 2017లో అమెరికాలోని 32 రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. కొత్త ల్యాప్‌టాప్‌కే ఆ గతి పట్టిందంటే, ఎక్కడెక్కడివో డౌన్‌లోడ్ చేసిన మన పాత సిస్టమ్‌ల సంగతి చెప్పక్కర్లేదు.

మొదట నోటిఫికేషన్లు చూడండి

కింద మూల నుంచి లేచే వైరస్ హెచ్చరికల్లో చాలా వరకు వెబ్‌సైట్ నోటిఫికేషన్లే. ఎప్పుడో ఏదో సైట్‌లో ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అని వస్తే నొక్కేసి ఉంటారు. రోబోకీ ఆ బటన్‌కీ ఏ సంబంధమూ లేదు. ఆ సైట్ మూసేసినా సరే, మీ స్క్రీన్ మీదకు ఎప్పుడు కావాలంటే అప్పుడు మెసేజ్ పంపుకోవచ్చని మీరే పర్మిషన్ ఇచ్చేశారు.

క్రోమ్‌లో పై కుడి మూలన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అలో అయిన సైట్ల జాబితా కనిపిస్తుంది. మీకు తెలియని పేరు ప్రతిదాన్నీ రిమూవ్ చేయండి. ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు సెట్టింగ్స్ పైనున్న సెర్చ్ బాక్స్‌లో నోటిఫికేషన్స్ అని టైప్ చేస్తే అక్కడికే తీసుకెళ్తుంది. ఇక ముందు ఏ సైటూ అడగకుండా కూడా అక్కడే ఆపేయొచ్చు. న్యూస్ సైట్‌లో పనిచేస్తూ నేను ఈ మాట చెప్పకూడదేమో గానీ, మా నోటిఫికేషన్లు ఆపేసినా మీకొచ్చే నష్టం ఏమీ లేదు.

తర్వాత ఎక్స్‌టెన్షన్లు

సెర్చ్ పేజీ మారిపోవడం, కొత్త ట్యాబ్‌లు వాటంతటవే ఓపెన్ అవడం జరుగుతుంటే దొంగ ఎక్కువగా ఇక్కడే దొరుకుతాడు. మూడు చుక్కల్లో ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్ అని ఉంటుంది. పీడీఎఫ్ కన్వర్టర్, వీడియో డౌన్‌లోడర్, కూపన్ ఫైండర్, వాల్‌పేపర్.. ఇలాంటి పేర్లతో కనిపిస్తాయి. మీరు పెట్టుకున్నట్టు గుర్తులేనిది తీసేయండి. గుర్తున్నా వాడనిది కూడా తీసేయండి. మొన్నటిదాకా మంచిగా ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను వేరేవాళ్లు కొనుక్కుని, అప్‌డేట్ పేరుతో యాడ్స్ ఎక్కించిన సందర్భాలు ఉన్నాయి.

సింక్ ఆన్‌లో ఉంచి తీసేస్తే మీ గూగుల్ అకౌంట్ నుంచి కూడా అది పోతుంది. సిస్టమ్ ఫార్మాట్ చేస్తే పోదు. పెదనాన్న విషయంలో జరిగింది ఇదే. అదే అకౌంట్‌తో ఆఫీసులోనో, పిల్లల ల్యాప్‌టాప్‌లోనో క్రోమ్ వాడుతుంటే అక్కడ కూడా ఒకసారి చూడండి.

కొన్నింటికి రిమూవ్ బటనే పనిచేయదు. మెనూలో ‘మీ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది’ అనే అర్థం వచ్చే లైన్ కనిపిస్తుంది. ఆఫీస్ కంప్యూటర్ అయితే అది మామూలే. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా వస్తుంది. ఆ రెండూ కాని ఇంటి కంప్యూటర్‌లో కనిపిస్తే మాత్రం, ఏదో ప్రోగ్రామ్ విండోస్ లోపల కూర్చుని ఆ ఎక్స్‌టెన్షన్‌ను కాపలా కాస్తోందని అనుమానించాలి. అప్పుడు మూడో చోటికి వెళ్లాలి.

మూడోది విండోస్‌లోని ప్రోగ్రామ్‌లు

విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్. విండోస్ 10లో యాప్స్ అండ్ ఫీచర్స్. జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ వారీగా పెట్టుకోండి. యాడ్స్ ఎప్పటి నుంచి మొదలయ్యాయో మీకు సుమారుగా గుర్తుంటుంది కదా, ఆ రోజుల్లో వచ్చినవి చూడండి. ఒకే తేదీన మూడు నాలుగు తెలియని పేర్లు వరసగా ఉంటే దాదాపు దొరికినట్టే. ఒక్క జాగ్రత్త. ఇంటెల్, రియల్‌టెక్, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ లాంటి పేర్లు తెలియకపోయినా ముట్టుకోవద్దు, అవి సిస్టమ్‌కు కావాల్సినవి. అనుమానం ఉంటే ఆ పేరును ఫోన్‌లో వెతికి చూడండి. యాడ్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లో వెతికితే అది చూపించేదే చూస్తారు.

తీసేశాక విండోస్ సెక్యూరిటీ ఓపెన్ చేసి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో ఫుల్ స్కాన్ పెట్టండి. అక్కడే యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ అని ఉంటుంది. అందులో అక్కర్లేని యాప్‌లను బ్లాక్ చేసే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇంకా మిగిలి ఉంటే మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల ‘ఆడ్‌డబ్ల్యూక్లీనర్’ ఉచితం, ఆ కంపెనీ సొంత సైట్ నుంచే తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. చివరిగా క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంటుంది. రీసెట్ చేస్తే పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు పోవు. సైట్లలో మాత్రం మళ్లీ లాగిన్ అవ్వాలి.

స్క్రీన్ నిండా హెచ్చరిక, పక్కన ఫోన్ నంబర్

యాడ్‌వేర్‌లో నిజంగా డబ్బు పోయే ఘట్టం ఇదే. స్క్రీన్ లాక్ అయినట్టు కనిపిస్తుంది, సైరన్ మోగుతుంది, ‘మైక్రోసాఫ్ట్ సపోర్ట్’ అని ఒక నంబర్ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ పెట్టదు. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా ఆల్ట్‌తో పాటు ఎఫ్4 నొక్కండి. అప్పటికీ పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎండ్ చేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయాలా అంటే వద్దనండి.

ఇలాంటి నకిలీ టెక్ సపోర్ట్ ముఠాలపై అమెజాన్, మైక్రోసాఫ్ట్ ఫిర్యాదులతో సీబీఐ 2023 అక్టోబర్‌లో ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో దేశవ్యాప్తంగా సోదాలు చేసింది. అంత దూరం ఎందుకు, 2025 మేలో మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోనే అమెరికా వాళ్లకు ఫోన్లు చేసి మోసం చేస్తున్న కాల్ సెంటర్‌ను పోలీసులు పట్టుకున్నారు. పొరపాటున ఆ నంబర్‌కు కాల్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ పెట్టేస్తే వెంటనే వైఫై ఆపేయండి. బ్యాంక్ పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు కట్ అయితే 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంతకీ ఎలా వస్తోంది?

మన దగ్గర దారులు అందరికీ తెలిసినవే. తెలుగు ఫాంట్లు, పెళ్లి కార్డు డిజైన్లు, క్రాక్ చేసిన ఫొటోషాప్, ఫ్రీ సినిమా. ఐబొమ్మ నిర్వాహకుడంటూ 2025 నవంబర్‌లో ఒకరిని అరెస్టు చేసినప్పుడు, ఆ సైట్ ద్వారా బెట్టింగ్ యాప్‌ల ప్రచారం కూడా జరిగిందని హైదరాబాద్ పోలీసులు చెప్పారు. సినిమా ఫ్రీ అయితే ఖర్చు ఇంకెక్కడో పడుతోందన్నమాట.

డౌన్‌లోడ్ పేజీలో నాలుగు పచ్చ బటన్లు ఉంటే మూడు యాడ్సే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోకుండా కస్టమ్ లేదా అడ్వాన్స్‌డ్ ఎంచుకోండి. అప్పుడే ‘దీంతో పాటు ఇది కూడా’ అని ముందే టిక్ పెట్టి ఉంచినవి బయటపడతాయి. టిక్కులు తీసేయండి.

సెర్చ్ దారి మళ్లితే ఏమవుతుందో మా ఊరి వాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. పంచారామాల యాత్రకు వచ్చేవాళ్లు రూమ్ కోసమో, సేవా టికెట్ కోసమో వెతుకుతారు. అక్కడ పైన వచ్చే లింక్ అసలుదో నకిలీదో చూసుకోవాలి. తిరుమల విషయంలో 2023 నాటికే 40కి పైగా నకిలీ సైట్లను టీటీడీ గుర్తించి కేసులు పెట్టించింది. ఏపీ దేవాలయాల ప్రభుత్వ సైట్ల అడ్రస్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగుస్తుంది. డబ్బు కట్టే ముందు అడ్రస్ బార్‌లో ఆ చివరి భాగం చూడండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే షాపుకే వెళ్లండి, తప్పేం లేదు. విండోస్ పాడైపోతేనో, నిజంగా పెద్ద వైరస్ పట్టితేనో ఫార్మాట్ తప్పదు కూడా. కాకపోతే సిస్టమ్ ఇచ్చే ముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్‌డిస్క్‌లోకో కాపీ చేసుకోండి. మామూలుగా ఇవన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయి, ఫార్మాట్‌లో ముందు పోయేది ఆ డ్రైవే. ఒకవేళ ఫొటోలు ఇప్పటికే పోయి ఉంటే ఆ కంప్యూటర్‌ను ఇక వాడకండి. కొత్తగా ఏది సేవ్ చేసినా పాత ఫైళ్ల చోటును అది తినేస్తుంది. డేటా రికవరీ చేసేవాళ్లకు అలాగే ఇస్తే కొంతైనా దొరికే ఛాన్స్ ఉంటుంది. పాత హార్డ్‌డిస్క్‌ల కన్నా కొత్త ఎస్‌ఎస్‌డీల్లో ఆ ఛాన్స్ బాగా తక్కువ. మా పెదనాన్నగారు ఫార్మాట్ తర్వాత మూడు వారాలు దాని మీదే పని చేసుకున్నారు.