ఆరు గళ్లతో ఎందుకు కుదరదు?

గళ్ల నోట్‌బుక్ ఉంటే తీయండి. లేదంటే ఫోన్‌లో ఎక్సెల్ షీట్ అయినా సరే. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గళ్లు. మొదటి వరుసలో మొదటి గడి నింపండి. రెండో వరుసలో రెండు గళ్లు కుడికి జరిగి మూడోది నింపండి. మూడో వరుసలో ఐదోది. ఇంకో రెండు జరగాలంటే గళ్లు అయిపోయాయి కదా, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి. రెండోది వస్తుంది. చివరి వరుసలో నాలుగోది.

ఇప్పుడు చూడండి. ప్రతి నిలువు వరుసలో సరిగ్గా ఒక్క గడే నిండింది. ఏ రెండింటికీ మూలలు కూడా తగల్లేదు.

ఇదే ఆట ఆరు గళ్లతో ఆడండి. రెండేసి జరిగితే 1, 3, 5 నిండి మళ్లీ 1కే వస్తారు. 2, 4, 6 ఖాళీ. మూడేసి జరిగితే 1, 4తో సరి. నాలుగేసి జరిగినా 1, 5, 3 మాత్రమే. ఒక్కొక్కటిగానో ఐదేసిగానో జరిగితే అన్నీ నిండుతాయి కానీ మెట్లలా వరుస కడతాయి. ఎటు తిప్పినా ఆరుతో కుదరదు.

టైంపాస్ పజిల్‌లా ఉంది కదా? నిజానికి ఇది బట్ట. నిలువు వరుసలు పడుగు పోగులు, అడ్డ వరుసలు పేక. నింపిన గడి అంటే పడుగు పోగు పేక మీదికి వచ్చిన చోటు. మెట్లలా వస్తే ట్విల్. మీ జీన్స్ మీద కనిపించే ఏటవాలు గీతలు అవే. చెల్లాచెదురుగా వస్తే సాటిన్. దాని నిగనిగ అంతా ఆ చెదరడంలోనే ఉంది.

2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన సిరిసిల్లలో మా మేనమామకు నాలుగు సాంచాలున్నాయి. ఆయన నేసేది సాదా బట్ట. టెన్త్‌లో లెక్కలు తప్పి సాంచాల మీదికి వచ్చిన మనిషి. ఆరు గళ్ల బొమ్మ ఫోన్‌లో చూపిస్తే, ఖాళీ వరుసల మీద వేలు పెట్టి అడిగాడు: "ఈ మూడు పోగులను పట్టుకునేటిదేది అల్లుడా? ఊరికె ఊగులాడుతయి. ఇది బట్టేనా?"

ఆయన వేలు పెట్టిన చోటే రూల్ ఉంది. గళ్ల సంఖ్యకు, జరిగే అడుగుకు గ.సా.భా. 1 కావాలి. లేకపోతే కొన్ని పోగులు ఖాళీగా మిగిలిపోతాయి. మెట్లు వద్దంటే ఒక్కో గడి జరగడం కుదరదు, గళ్ల సంఖ్యకు ఒకటి తక్కువ జరగడమూ కుదరదు. అలా తీసేస్తే ఐదుకు 2, 3 మిగులుతాయి. ఎనిమిదికి 3, 5. ఆరుకు ఏమీ మిగలదు. ఇంకో వింత ఏంటంటే, 5 నుంచి పైకి ఏ సంఖ్య తీసుకున్నా సాటిన్ కుదురుతుంది, ఒక్క 6 తప్ప!

కోరుట్లలో మా చెల్లె టెన్త్ చదువుతోంది. "గ.సా.భా. ఎక్కడ పనికొస్తదన్నా?" అని విసుక్కునేది. గళ్ల కాగితం చేతికిచ్చాను. 7 చేసింది, 9 చేసింది, 11కు వచ్చింది. "ప్రైమ్ నంబరైతే ఎన్ని జరిగినా అన్నీ నిండుతున్నయన్నా!" అని తనే అరిచింది. ఆ మాట తన పాఠంలో ఎవరూ చెప్పలేదు, మార్కులూ ఎవరూ వేయలేదు.

ఈ లెక్కను కాగితం మీద పెట్టినాయన ఫ్రెంచ్ గణితవేత్త ఎడ్వార్డ్ లూకాస్. సాటిన్ నేతల అంకగణితం మీద 1867లో చిన్న పుస్తకం రాశాడు. 1883లో హనోయ్ టవర్ పజిల్ తెచ్చిందీ ఆయనే. జగిత్యాల దగ్గర నాచుపల్లిలో బీటెక్ చదివేటప్పుడు రికర్షన్ కోసం మేం ల్యాబ్‌లో రాసిన ప్రోగ్రామ్ అదే. మూడు బిళ్లలకు 7 ఎత్తులు, పది బిళ్లలకు 1,023. అక్కడ నేను కోడ్ రాసిన పజిల్, మామ వేలు పెట్టి చూపిన పజిల్, రెండూ ఒకే మనిషి ఆడుకున్నవి.

మామ మాత్రం తనకు లెక్కలు రావనే అంటాడు ఇప్పటికీ.

ఇక మీ వంతు. 12 గళ్లు. ఎన్నేసి జరిగితే సాటిన్ వస్తుంది? ఫార్ములా జోలికి పోకండి. ముందు గళ్లు నింపండి, ఏ పోగు ఊగులాడుతోందో చూడండి.